సామాన్య అభ్యర్థి

"బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్ష నేనే స్వయంగా రాస్తాను. మంత్రిగా కాదు, సామాన్య అభ్యర్థిగా!" అని ఉన్నత విద్యాశాఖ మంత్రిగారు సభలో ప్రకటించగానే బల్లలు మోగిపోయాయి.

"మేనేజ్‌మెంట్ అంటే మీకేం తెలుసు?" అని ప్రతిపక్ష సభ్యుడెవరో నోరు జారడం వల్ల దేశానికి ఇంత మేలు జరిగింది. ఒక్క ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి వంద ప్రశ్నలకు సిద్ధపడిన మంత్రి అంతకు ముందు ఎవరూ లేరు.

గ్యాలరీలో కూర్చున్న పి.ఎ. గారు కూడా చప్పట్లు కొట్టారు గానీ, మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆయన దైవభక్తి గల మనిషి. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే ఫోనెత్తరు. ఆయన కూతురు పగలంతా బట్టల దుకాణంలో లెక్కలు చూస్తూ, సాయంత్రాలు అదే పరీక్షకు చదువుతోంది. "ఈసారి సీటు రాకపోతే పుస్తకాలు అటకెక్కించి ఆ దుకాణంలోనే ఉండిపోతాను నాన్నా" అని చెప్పేసింది కూడా.

కారెక్కుతూ మంత్రిగారు అడిగారు. "ఏవయ్యా, మీ అమ్మాయి కూడా ఇదే చదువుతోందటగా? సాయంత్రాలు మా ఇంటికి పంపించు. కలిసి చదువుకుంటాం. సామాన్యులు అలాగే చదువుతారు కదా?"

"అలాగే చదువుతారండి" అన్నారు పి.ఎ. గారు. ఇరవై ఏళ్లుగా ఆయన ఉద్యోగం 'అలాగే' అన్న మాట మీదే నడుస్తోంది.

ఆ విధంగా మంత్రిగారి ముందుగది చదువుల గది అయింది. సోఫాలో మంత్రిగారు, కుర్చీలో అమ్మాయి, గుమ్మం దగ్గర నిలబడి పి.ఎ. గారు.

"ఒక వస్తువు ధర ఇరవై శాతం పెంచి, తర్వాత ఇరవై శాతం తగ్గించారు సార్. చివరికి ధర ఎంత?"

"ముందు పెంచి తర్వాత తగ్గించడమేమిటమ్మా? ఎన్నికలు అయిపోయాక తగ్గించి ఎవరికి లాభం? ప్రశ్నే తప్పు. తర్వాతది చదువు."

"దీనికి జవాబు చెప్పక్కర్లేదు సార్. ఇచ్చిన సమాచారంతో జవాబు చెప్పగలమా, లేదా? అంతే చెప్పాలి."

మంత్రిగారు సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "జవాబే చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదు సార్."

"ఇన్నేళ్లుగా సభలో నేను చేస్తున్నది ఇదేనటయ్యా!" అన్నారు పి.ఎ. గారి వైపు తిరిగి, కళ్లు చెమర్చి. "రాసుకో అమ్మాయ్. సమాచారం చాలదు."

"ఇంకా ప్రశ్న చదవలేదు సార్."

"చదివితే మాత్రం చాలుతుందా?"

"కొన్నిటికి చాలుతుంది సార్. దీనికి చాలుతుంది కూడా."

"చాలినా చాలదనడమే క్షేమం. చాలుతుందని ఒప్పుకున్నామా, వెంటనే జవాబు అడుగుతారు."

ఇలా ప్రతి సాయంత్రం మంత్రిగారు అమ్మాయికి పాఠం చెప్పారు. ఇంటికొచ్చాక ఆ పిల్ల కళ్లు మూతలు పడుతుంటే పుస్తకం ముందు కూర్చునేది. మంత్రిసేవ మాధవసేవ అంటారు గానీ, ఆ మాధవుడు తన కూతురి సాయంత్రాలే ఎందుకు కోరాడో పి.ఎ. గారికి అర్థమయ్యేది కాదు.

పరీక్ష రోజున మంత్రిగారు సైరన్ లేకుండా వచ్చారు. సైరన్ లేదు కాబట్టి పోలీసులు జనాన్ని నోటితోనే తరిమారు. సామాన్య అభ్యర్థికి ఇబ్బంది కలగకూడదని మిగతా సామాన్య అభ్యర్థులందర్నీ వెనకవైపు గదిలోకి సర్దారు. ముందు హాలంతటికీ మంత్రిగారు ఒక్కరే.

అది కంప్యూటర్ మీద రాసే పరీక్ష. దానికో పద్ధతి ఉంది. ఒప్పు జవాబు చెప్పినవారికి తర్వాతి ప్రశ్న ఇంకా కష్టంగా ఇస్తుంది, తప్పు చెప్పినవారికి ఇంకా తేలిగ్గా ఇస్తుంది. సామాన్య అభ్యర్థులందరికీ తెలిసిన సంగతే. మంత్రిగారికి తప్ప.

ఆయన వెలిగిపోతూ బయటికొచ్చారు. "మొదట కాస్త బిగుసుకుందయ్యా. నాలుగు ప్రశ్నలయ్యాక నన్ను గుర్తుపట్టింది. ఒక్కసారిగా మెత్తబడిపోయింది! చివర్లో చిన్నపిల్లల కూడికలు ఇచ్చిందంటే నమ్ము. యంత్రానికున్న మర్యాద ప్రతిపక్షానికి లేదు."

అమ్మాయి ముఖం వాడిపోయి వచ్చింది. "ఒకదాన్ని మించి ఒకటి నాన్నా. కొండ ఎక్కినట్టుంది. ఎక్కేకొద్దీ కొండే పెరిగింది."

"పోనీలే తల్లీ, దేవుడున్నాడు" అన్నారు పి.ఎ. గారు. మంత్రిగారికి మంత్రిగారే ఉన్నారు.

ఫలితాలు వచ్చాయి. మంత్రిగారి పర్సంటైల్ రెండు.

"రెండా!" అని కేక వేశారు మంత్రిగారు. "ఇన్ని వేల మందిలో రెండో స్థానమా!"

గది నిండా పూలగుత్తులు చేరాయి. పత్రికలవాళ్లు ఫొటోలు తీశారు. పి.ఎ. గారు నిజం చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో మిఠాయి పెట్టారు.

"అన్నట్టు మీ అమ్మాయికి ఎంతొచ్చిందయ్యా?"

"తొంభై తొమ్మిదండి."

గుమాస్తా ఒకాయన జాలిగా పి.ఎ. గారి భుజం తట్టాడు.

"దిగులు పడకు. ఆడపిల్ల, ఉద్యోగం చేస్తూ రాసింది. వందలోపు రావడమే గొప్ప" అని ఓదార్చారు మంత్రిగారు.

ఇంటికెళ్తే అమ్మాయి గంతులేస్తోంది. "తొంభై తొమ్మిదంటే నూటికి తొంభై తొమ్మిది మంది నా వెనకే ఉన్నారు నాన్నా! సీటు వచ్చినట్టే."

"మరి మంత్రిగారికి రెండంటే?"

"నూటికి ఇద్దరే ఆయన వెనక."

"పోనీలెండి, ఇద్దర్నైనా దాటారు, పాపం" అంది వాళ్లమ్మ, కూర తరుగుతూ.

మర్నాడు బిజినెస్ స్కూలు డైరెక్టరు ఆఫీసుకొచ్చి, పి.ఎ. గారి బల్ల ముందు కూలబడ్డాడు. "మంత్రిగారిది రెండో ర్యాంకని పత్రికల్లో వచ్చేసింది. పత్రికలు తప్పని మంత్రిగారు అనరు. మంత్రిగారు తప్పని నేను అనలేను. ఇక తప్పు కావడానికి మిగిలింది మా జాబితా ఒక్కటే."

"అంటే?"

"కింది నుంచి మొదలుపెడతాం. ఒకటి వచ్చినవాడు మొదటి ర్యాంకు, రెండు మంత్రిగారు. అలా అరవై దాకా, అరవై సీట్లు."

"ఒకటి ఎవరికొచ్చిందండీ?"

"పరీక్షలో నిద్రపోయినవాడికట. మంత్రిగారు అభినందన సందేశం పంపారు."

"మరి తొంభై తొమ్మిది వచ్చినవాళ్లు?"

"ఇంకాస్త శ్రద్ధగా చదవాలి" అన్నాడు డైరెక్టరు, చూపులు కలపకుండా.

పి.ఎ. గారు ఆ రోజు ధైర్యం చేసి మంత్రిగారి గదిలోకి వెళ్లారు. "అయ్యా, మా అమ్మాయి విషయం..." అనేసరికి మంత్రిగారు చెయ్యెత్తారు. "సిఫార్సు మాత్రం అడక్కు. నేనే సామాన్యుడిలా రాశాను."

ప్రజాసేవలో తీరిక లేక మంత్రిగారు క్లాసులకు వెళ్లలేకపోయారు. అంత తెలివి వృథా పోకూడదని స్కూలు ఆయన్ను ఇంటర్వ్యూ బోర్డుకు అధ్యక్షుణ్ణి చేసుకుంది.

అమ్మాయి అన్నంత పనీ చేసింది. పుస్తకాలు అటకెక్కించి దుకాణానికి పోయింది. కొన్నాళ్లకు తనే నిచ్చెన వేసుకుని దించింది.

"మళ్లీ రాస్తాను నాన్నా. ఈసారి మొదటి ర్యాంకే. ప్రతి ప్రశ్నకీ తప్పు జవాబు పెడతాను."

"దానికి చదవడమెందుకే?" అంది తల్లి.

"ఎందుకేమిటమ్మా? ఏది ఒప్పో తెలియకపోతే పొరపాటున దాన్నే నొక్కేయమూ? మంత్రిగారు గుడ్డిగా నొక్కారు, అక్కడక్కడ ఒప్పులు తగిలాయి. అందుకే మొదటి ర్యాంకు పోయింది."

పి.ఎ. గారు నసిగారు. "తెలిసి తెలిసి తప్పు పెట్టడం అబద్ధమాడినట్టు కాదుటమ్మా?"

"జాబితా తలకిందులుగా ఉంటే నేనొక్కదాన్నే నిటారుగా నిలబడి ఏం లాభం నాన్నా?"

ఆయన దేవుడి పటం ముందు నిలబడి అదే ప్రశ్న అడిగారు. దేవుడు కూడా సమాచారం సేకరిస్తున్నట్టే ఊరుకున్నాడు.

రెండోసారి పరీక్ష అయ్యాక అమ్మాయి బయటికొచ్చింది. "పోయినసారి కొండెక్కడమే నయం నాన్నా. చివరికి మూడూ నాలుగూ కలిపితే ఎంత అని అడిగింది. ఏడు పక్కన వేలు పెట్టి, బలవంతంగా లాక్కొచ్చి ఎనిమిది నొక్కాను. ప్రాణం పోయినట్టయింది."

ఆమె పర్సంటైల్ ఒకటి.

ఇంటర్వ్యూలో మంత్రిగారు అధ్యక్ష స్థానంలో, డైరెక్టరు పక్కన, పి.ఎ. గారు ఫైళ్లతో వెనక. మంత్రిగారు ఆమెను చూసి కుర్చీలోంచి సగం లేచారు.

"మొదటి ర్యాంకు! నాకే అందలేదు. ఏమిటమ్మా దీని రహస్యం?"

"రహస్యమేమీ లేదు సార్. బాగా చదివాను. ఒక్క ప్రశ్నకి సరైన జవాబు తెలియకపోయినా ఈ ర్యాంకు వచ్చేది కాదు."

డైరెక్టరు తలెత్తి ఫ్యాను వైపు చూడసాగాడు.

"విన్నావటయ్యా!" అన్నారు మంత్రిగారు వెనక్కి తిరిగి. "తొంభై తొమ్మిదిలో పడి ఉన్న పిల్ల, ఒక్క ఏడాదిలో ఎక్కడికి ఎదిగిందో చూడు! మా ఇంట్లో కూర్చుని చదివిన చదువు ఊరికే పోతుందా?"

సంతకం పెట్టి సీటు ఇచ్చేశారు.

పి.ఎ. గారు ఫైళ్లు బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించారు. ఆ దణ్ణం ఎవరికో ఆయనకే తెలియలేదు.