స్థిరమైన చీలమండల జిల్లా

మా జిల్లాలో చీలమండ వదులుగా ఉన్న మనిషి ఒక్కరు కూడా లేరని ఈ వసంతంలో అధికారికంగా ప్రకటించారు. కిర్గిజ్ దేశంలో మరే జిల్లాకూ ఈ ఘనత దక్కలేదు. మా వీధుల్లో కుంటుతూ నడిచేవాళ్లను చూపించి అసూయాపరులు ఏవేవో అంటారు. కుంటడం వేరు, అస్థిరత వేరు. కుంటడం వ్యక్తిగత అలవాటు. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు.

ఈ ఘనతలో బేగాయిమ్ పాత్ర ఉంది కాబట్టి ముందు ఆమె సంగతి చెప్పాలి. జిల్లా వాలీబాల్ జట్టులో వల దగ్గర నిలబడి ఎదుటివాళ్ల దెబ్బల్ని అడ్డుకునే పొడగరి పిల్ల. రెండేళ్ల కిందట ఒక ఆటలో పైకెగిరి, ఎదుటి జట్టు అమ్మాయి పాదం మీద దిగింది. కుడి చీలమండ లోపలికి మడతపడి బూరెలా పొంగింది. వాళ్లమ్మమ్మ గొర్రె కొవ్వు రాసి, ఉన్ని గుడ్డ చుట్టింది. కోచ్ మైరంబెక్ వచ్చి చూసి, "ఓస్ ఇంతేనా! బెణుకు కూడా ఒక జబ్బేనా?" అని, వాపు పూర్తిగా తగ్గకముందే మైదానంలోకి దింపాడు.

అప్పట్నుంచి ఆ కాలు తనకు తోచినప్పుడల్లా మడతపడటం మొదలైంది. వ్యాను దిగుతుంటే పడింది. బజార్లో ఎండు ఖర్జూరాలు బేరమాడుతుంటే పడింది. రాయీరప్పా లేని చదును నేల మీద పడింది. నొప్పి రెండు రోజుల్లో పోయేది. భయం పోయేది కాదు. ఎక్కడ అడుగు వేస్తున్నా ఆ పిల్ల ముందు నేల వంక చూసేది, తర్వాత కాలి వంక చూసేది, రెండింటినీ నమ్మేది కాదు.

సరిగ్గా ఇలాంటి కాళ్ల కోసమే మా క్రీడా వైద్యశాలలో కొత్త పరీక్షల గది వెలిసింది. అందులో విదేశాల నుంచి తెప్పించిన ఒక పలక ఉంది. దాని మీద కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే, మనిషి ఎంత ఊగుతున్నాడో తెర మీద కనిపిస్తుంది. ఆ గదికి వైద్యురాలు జుమగుల్. యంత్రం రాకముందు ఆవిడ పిక్కను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మడమను ముందుకు లాగి, కీలు ఎంత జారుతోందో చెప్పేసేది. చేతి పరీక్షకు రసీదు రాదు కనుక అది శాస్త్రీయం కాదని పైవాళ్లు తేల్చారు.

ప్రారంభోత్సవానికి మేమంతా గౌరవంగా బైకె అని పిలుచుకునే జిల్లా ఉపాధిపతి తులోబెర్ది విచ్చేశారు. క్రీడలు, రోడ్లు, పశువుల టీకాలు ఆయన శాఖలే. విందులో ఉడికించిన గొర్రె మాంసానికీ గుర్రప్పాల కుమీస్‌కూ యథోచిత న్యాయం చేసి, ఆయన ఇలా ప్రసంగించారు:

"సోదర సోదరీమణులారా! చీలమండను చిన్నచూపు చూడకండి. మనిషి చీలమండ మీద నిలబడతాడు. మనుషుల మీద జిల్లా నిలబడుతుంది. జిల్లా మీద దేశం నిలబడుతుంది. అన్నిటి మీదా ఎవరు నిలబడతారో నేను చెప్పక్కర్లేదు!"

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో బైకె బూటు విప్పారు.

"ముందు నన్నే పరీక్షించండి."

"ఇప్పుడే భోంచేశారు బైకె, రేపు పొద్దున చూద్దాం," అంది జుమగుల్.

"ఇవి గుర్రం మీద పెరిగిన కాళ్లు చెల్లీ! భోజనానికి బెదురుతాయా?"

కళ్లు మూసుకుని కాలెత్తారు. కాసేపటికి ఎర్రబడ్డారు. మరుక్షణం కోచ్ మైరంబెక్ మీద పడ్డారు. మైరంబెక్ ఆయన్ను చేతుల్లో ఆపాడు. అతని క్రీడా జీవితంలో అదే అత్యుత్తమ ప్రదర్శన. కానీ హోదాలు తెలియని ఆ యంత్రం ఎర్రటి అక్షరాల్లో, ఫొటోగ్రాఫర్ల ఎదుటే, "అస్థిరం" అని చూపించింది.

మా దేశంలో ఆ మాట ఆషామాషీది కాదు. అది వినిపించినప్పుడల్లా ఎవరిదో ఒక కుర్చీ ఖాళీ అయింది.

కనుక యంత్రం ప్రమాణాలు స్థానిక పరిస్థితులకు తగ్గట్టు లేవని గుర్తించి సంఘం వేశారు. రోడ్ల ఇంజినీరు, పశువైద్యాధికారి, సాంస్కృతిక శాఖ అధిపతి అందులో సభ్యులు. జుమగుల్‌ను టీ పోయడానికి పిలిచారన్నది దుష్ప్రచారం. సంతకానికి పిలిచారు.

సంఘం తీర్మానాలు నిజంగా దూరదృష్టి గలవి. ఎత్తిన కాలు నేలకు తగిలితే దోషం కాదు, అందుబాటులో ఉన్న వనరును వాడుకోవడమే. గోడ పట్టుకోవచ్చు, గోడ కూడా ప్రభుత్వ ఆస్తే. పడిపోయినవాడు తానే లేస్తే స్థిరం. నలుగురు కలిసి లేపితే 'సామూహిక స్థిరం', దానికి పతకం వేరే. ఈ ప్రమాణాలతో జిల్లా అంతటినీ పరీక్షించారు. మోకాలి దాకా పిండికట్టుతో వచ్చిన ఒక గొర్రెల కాపరి, కట్టు బొత్తిగా వంగని కారణంగా, ప్రథమ స్థానంలో నిలిచాడు.

చివర్లో బేగాయిమ్ వంతు వచ్చింది. 'అస్థిరం' అని కాగితం ఉంటే రాజధాని బిష్కెక్ వైద్యశాలలో ఆమెకు చోటు దొరుకుతుంది. అక్కడ కీలుకు కట్టు వేసి, చుట్టూ కండరాలకు బలం వచ్చేలా వ్యాయామం నేర్పుతారు. వీలుకాకపోతే ఆపరేషన్ చేస్తారు. ఆ కాగితం కోసమే వచ్చింది.

పలక ఎక్కింది. రెండుసార్లు పడింది. రెండుసార్లూ తానే లేచింది. తెర ఆకుపచ్చగా వెలిగింది.

జుమగుల్ తలుపు మూసి, పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, పిక్క పట్టుకుని మడమ లాగింది. ఇంకోసారి లాగింది.

"ఎలా ఉంది అక్కా?"

"వదులుగా ఉంది తల్లీ. బాగా జారుతోంది."

"మరి రాయండి."

జుమగుల్ చాలాసేపు ఆ పాదాన్ని వదల్లేదు. "నా చేతికి తెలుస్తోందమ్మా. సంతకం పెట్టాల్సిందీ ఈ చెయ్యే."

"నేను అబద్ధం చెబుతున్నాననుకుంటారు అక్కా. కోచ్ ఇప్పటికే నాటకాలాడుతోందంటున్నాడు."

"రాబోయే వాలీబాల్ కప్పు పోటీకి వెళ్లకు. కడుపునొప్పి అని చెప్పు, జ్వరమని చెప్పు. నేను రాసిస్తా. జ్వరం రాయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు."

బేగాయిమ్ బూటు తొడుక్కుంటూ అంది: "నాకు జ్వరం లేదక్కా. ఉన్నది రాయండి, లేకపోతే మానేయండి."

జుమగుల్ 'స్థిరం' అని రాసింది.

కప్పు ఆట రోజు మైరంబెక్ ఆ కాగితాన్ని జట్టంతటికీ చదివి వినిపించాడు. "విన్నారా? ఈ కాలు నాకంటే ఆరోగ్యంగా ఉందట! ఇక ఎగురు, మహారాణీ!"

ఆమె ఎగిరింది. మొదటి ఆట గెలిపించింది. ఉన్నమాట చెప్పాలంటే, అద్భుతంగా ఆడింది. రెండో ఆట మధ్యలో, చుట్టూ ఎవరూ లేని చోట దిగింది. కర్ర విరిగినట్టు చప్పుడైంది. అరుపు ఆ తర్వాత వినిపించింది.

జుమగుల్ పరుగున వచ్చి పాదం చేతుల్లోకి తీసుకుంది. బేగాయిమ్ పళ్లు బిగించి అడిగింది: "ఇప్పుడు కూడా స్థిరమేనా అక్కా?"

"కీలు బంధం తెగిపోయింది తల్లీ," అని జుమగుల్ అక్కడే, అందరి ముందూ ఏడ్చింది. క్రమశిక్షణా సంఘం తర్వాత దీన్ని గమనించింది.

తెగినదాన్ని గాయం కింద రాస్తారు, అస్థిరత కింద రాయరు. కాబట్టి మా జిల్లా రికార్డుకు మచ్చ రాలేదు. విచారణలో, చీలమండ స్థిరమని ముందే రుజువైంది కనుక తప్పు నేలదేనని తేలింది. వ్యాయామశాల నేలను తవ్వించారు. ఈ ఏడాది మాకు వాలీబాల్ లేదు, కాబట్టి గాయాలూ లేవు. క్రీడా భద్రతలో కూడా మేమే ముందున్నాం.

బిష్కెక్‌లో ఆపరేషన్ అయి బేగాయిమ్ తిరిగొచ్చాక సంస్కృతి భవనంలో సన్మానం పెట్టారు. జిల్లాకు స్థైర్యంలో ఆదర్శమని పెద్ద అద్దాల చట్రంలో ప్రశంసాపత్రం చేయించారు. ఆమె రెండు చంకల్లో కర్రలతో వేదిక మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తులోబెర్ది బైకె పెద్దమనసుతో తామే దిగివచ్చి, చట్రాన్ని ఆమె ముందుకు చాచారు.

"తీసుకో కూతురా, తీసుకో! సిగ్గుపడకు!"

"రెండు చేతులూ కర్రల మీదున్నాయి బైకె. వదిలితే పడతాను. దీన్ని ఎవరైనా కాస్త పట్టుకుంటారా?" అని హాలు వైపు చూసింది.

పట్టుకోవడానికి ఎవరి చేతులూ ఖాళీగా లేవు. అందరం చప్పట్లు కొడుతున్నాం.