గుండె చప్పుడు ప్రజలకు అంకితం

మంత్రిగారు ఆదివారం పత్రికలో రాసుకునే 'నేనూ, నా యంత్రాలూ' శీర్షికలో ఆ వారం ఒక చారిత్రక ప్రకటన వెలువడింది.

"గడియారం టైము చూసుకోవడానికే అనుకునే రోజులు పోయాయి. నా చేతికున్న ఈ స్మార్ట్ వాచీ నా అడుగులు లెక్కపెడుతుంది, నా గుండె చప్పుడు వింటుంది. నాయకుడి గుండె ఆయన సొంత ఆస్తి కాదు. రేపటి నుంచి నా గుండెనూ, నా అడుగులనూ నగరం నడిబొడ్డున పెద్ద తెరమీద అందరూ చూడొచ్చు. ఏ రోజైనా పదివేల అడుగులకు ఒక్కటి తగ్గినా పదవికి రాజీనామా చేస్తాను."

సైన్సంటే మంత్రిగారికి ప్రాణం. ఇంట్లో లైటు వెయ్యాలంటే స్విచ్చి నొక్కరు, ఫోన్‌కి చెబుతారు. అది వినదు. మళ్లీ చెబుతారు, కోప్పడతారు, చివరికి భార్య లేచి స్విచ్చి వేస్తుంది. అంతటి ఆధునికుడు మాట ఇచ్చారంటే ఊరంతా నమ్మింది. ప్రతిపక్షం మాత్రం తెర ఎదుట కుర్చీలు వేసుకుని కూర్చుంది.

మొదటి రోజు మంత్రిగారు వీధి చివరిదాకా నడిచారు. అక్కడ మోకాళ్లు మొరాయించాయి. కారు వచ్చేదాకా ఎవరిదో అరుగు మీద కూర్చుని లోతుగా ఆలోచించారు. చక్రాన్ని కనిపెట్టిన మనిషి మళ్లీ కాళ్లమీద నడవడం సైన్సును అవమానించడం కాదూ? దేశానికి కావలసింది నడక. నడిచేవాడు ఎవరైతేనేం?

ఆ మధ్యాహ్నమే వాచీని ఆఫీసు గదిలో సీలింగ్ ఫ్యానుకి కట్టించారు. అడుగులు బ్రహ్మాండంగా వచ్చాయి. గుండె మాత్రం రాలేదు. గుండె ఆగిపోయి కూడా అంత వేగంగా పరుగెత్తుతున్న నాయకుణ్ణి తెరమీద చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. పార్టీ ఆఫీసు సంతాప సందేశం సిద్ధం చేసింది. సహచర మంత్రి ఒకాయన కళ్లు తుడుచుకుంటూనే వెళ్లి ఆయన చూసే ఆరోగ్య శాఖ తనకిమ్మని అడిగారట. సాంకేతిక లోపమని ప్రకటించి, వాచీని ఫ్యాను మీంచి దించారు.

ఆ తర్వాత పీఏని పిలిచారు. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. ఎన్నాళ్లుగానో మంత్రిగారి ఫైళ్లూ, ఉపన్యాసాలూ, పొరపాట్లూ మోస్తున్నవాడు.

"ఇది కట్టుకుని నడవవయ్యా."

"నేనా సార్? ఎందాకా?"

"నా పదవీకాలం అయ్యేదాకా."

"స్నానానికైనా తియ్యొచ్చా సార్?"

"తీస్తే నాకు గుండె ఉండదు, నీకు ఉద్యోగం ఉండదు."

అప్పట్నుంచి వీధుల్లో పీఏ నడిచాడు, తెరమీద మంత్రిగారు నడిచారు. పీఏ తన భార్యతో గొడవపడి గుండె దడదడలాడిన రోజున 'ధరల పెరుగుదలపై మంత్రిగారి తీవ్ర ఆవేదన' అని పత్రికలు రాశాయి. మంత్రిగారు సోఫాలో పడుకుని అది చదివి, తన ఆవేదనకు తానే కదిలిపోయారు.

ఆ ఊపులోనే ఆస్పత్రులకు ఒక ఉత్తర్వు వెళ్లింది. మనిషి అబద్ధమాడతాడు, డేటా ఆడదు. కాబట్టి వాచీ ఉన్నవారికి వాచీ చెప్పినట్టే వైద్యం చెయ్యాలి. ఎవరు ఎవరో కూడా వాచీయే తేల్చాలి. వాచీలు మొదటి విడతలో మంత్రులకే అందుతాయి గనక, మిగతా జనాన్ని అప్పటిదాకా పాతపద్ధతిలో చెయ్యి పట్టుకుని చూస్తే చాలు. ధిక్కరించిన డాక్టరు ఇంటికి పోవాల్సిందే.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి లేస్తుండగా మంత్రిగారి ఛాతీమీద ఎవరో బండ పెట్టినట్టయింది. ఒళ్లంతా చెమటలు. భార్య ఆయన్ని కారులో వేసుకుని హడావుడిగా ఆస్పత్రికి తీసుకెళ్లింది. మంత్రిగారి గుండెనూ, ఆయన నడిచే దారినీ చూపిస్తున్న గోడమీది తెరవైపు చూసి డాక్టరు చిరునవ్వు నవ్వాడు.

"మంత్రిగారి గుండె భేషుగ్గా ఉందమ్మా. ఇప్పుడే మార్కెట్ దాటారు."

"మంత్రిగారు ఇదుగో, మీ ముందే పడుకున్నారు!"

"ముఖం చూస్తే ఆయనే అనిపిస్తుంది. డేటా చూస్తే కాదు. ఉత్తర్వు కూడా ఆయనదే కదమ్మా."

"డాక్టర్... నొప్పి..." అన్నారు మంత్రిగారు.

"మంత్రిగారికి నొప్పి లేదండీ" అన్నాడు డాక్టరు, ఎంతో మర్యాదగా తెర చూపిస్తూ.

భార్య ఆయన చెవి దగ్గరికి వంగింది. "ఏమండీ, వాచీ పీఏ చేతికుందని చెప్పెయ్యండి. పదవి పోతే పోయింది, మీరు దక్కితే చాలు." ఆమె నిజంగా భయపడింది. మంత్రిగారూ భయపడ్డారు, వరండాలో నిలబడ్డ విలేకరుల్ని చూసి.

చెబితే పదవి పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఇలాంటి ఇరుకు సందులోంచి చొక్కా నలగకుండా బయటపడగలవాణ్ణే జనం నాయకుడంటారు.

"నేను మంత్రిని కాదు" అన్నారు మంత్రిగారు. "ఆయన పీఏని."

"ఆ మాట ముందే చెప్పొద్దూ!"

డాక్టరు గబగబా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ముఖం మారిపోయింది. నర్సులు పరుగెత్తారు, సూదులు గుచ్చారు, ముక్కుకి మాస్కు తగిలించారు. కాసేపటికి నొప్పి తగ్గింది. ప్రాణమూ దక్కింది, పదవీ దక్కింది. మంత్రిగారు కళ్లు మూసుకుని వచ్చే ఆదివారం వ్యాసానికి మొదటి వాక్యం ఆలోచించుకోసాగారు.

భార్య కాస్త కుదుటపడి పీఏకి ఫోన్ చేసింది. పీఏ ఉన్నపళాన పరుగందుకున్నాడు. తెరమీద మంత్రిగారు ఆస్పత్రివైపు పరుగెత్తుతున్నారు, గుండె దడదడా కొట్టుకుంటోంది. మంత్రిగారి పీఏకి గుండెపోటని విలేకరులు అప్పటికే ఊరంతా చెప్పేశారు. పీఏ కోసం పరుగెత్తే మంత్రిని జనం ఎన్నడూ చూసి ఉండలేదు. ఆడామగా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ప్రతిపక్షం సైతం కుర్చీల్లోంచి లేచింది. అందరూ ఆ పరుగు వెనకే పరుగెత్తారు.

పీఏ గుమ్మంలో అడుగుపెట్టగానే అక్కడి యంత్రం వాచీని గుర్తుపట్టి "మంత్రిగారికి స్వాగతం" అంది. డాక్టరు లేచి నమస్కారం పెట్టాడు. ఎవరో పూలదండ వేశారు. పీఏ ఒగరుస్తూ మంచం దగ్గరకొచ్చి "సార్..." అనబోయి ఆగిపోయాడు. వెనక అన్నీ కెమెరాలు. మంత్రిగారు మాస్కు చాటునుంచి కళ్లతోనే సైగ చేశారు, కానివ్వమని.

పీఏ గొంతు సవరించుకున్నాడు. "భయపడకు. నేనున్నాను" అన్నాడు.

చప్పట్లతో వార్డు మారుమోగింది. పీఏ ఆ చప్పట్లను చివరిదాకా విన్నాడు. దండ సరిచేసుకున్నాడు. మంత్రిగారి భుజం తట్టాడు.

"పూర్తిగా తగ్గేదాకా ఆఫీసు ఛాయలకు రావద్దు. నీ పనికి ఇంకొకణ్ణి పెట్టుకుంటాలే."

తెరమీద మంత్రిగారి గుండె నెమ్మదిగా, నిబ్బరంగా కొట్టుకుంటోంది.

"అలాగే సార్" అన్నారు మంత్రిగారు.