టెష్కె గారి చీపురు

ఆ ఉదయం ఓర్ట్రూట్ వీహర్స్ తలపెట్టిన పని చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి కాఫీకి వచ్చే ఫోల్క్‌మార్ టెష్కెకు తన తల్లి నాటి పింగాణీ కప్పులో కాఫీ పోసి, ఇన్నేళ్ళుగా గొంతులోనే నిలిచిపోయిన ఒక్క మాట చెప్పాలి. ఆమె ఊరి బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమించింది. పురపాలక సభలో ఇప్పటికీ సభ్యురాలు. ఆయన అదే బడిలో భూగోళం చెప్పినవాడు, సభలో ఎదుటి పక్షం వాడు. ఆమె ప్రతిపాదనలన్నింటినీ మర్యాదగా వ్యతిరేకించాడు. ప్రతి సమావేశం తరువాతా, వానైనా మంచైనా, ఆమెను ఇంటిదాకా దిగబెట్టాడు. మరునాడు ఉదయం ఆయన ఊరు విడిచి, సముద్రపుటొడ్డున ఉన్న చెల్లెలి ఇంటికి శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడు.

గత సమావేశం నాడు గాలి పోయిన ఆయన సైకిలు ఇంకా ఆమె కంచెకే ఆని ఉంది. ఆమె రోజూ దాని సీటు తుడుస్తోంది. ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

కప్పుల పెట్టెను గ్యారేజీ నుంచి తెస్తుండగా గుమ్మం మెట్టు మీద కాలు జారింది. ఆమె నిలదొక్కుకుంది గాని పెట్టె నిలదొక్కుకోలేదు. ఒక్క కప్పూ మిగలలేదు. చీపురు కోసం లోపలికి వెళ్ళేసరికి ఫోను మోగింది. మేయరు! ఆయన మొదలుపెట్టిన మాట ఎప్పుడు ఆగుతుందో ఆయనకే తెలియదు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి గెజీనె కిటికీ తెర తొలగించింది. పెళ్ళికి ముందు పెళ్ళికూతురి గుమ్మంలో పింగాణీ పగలగొట్టడం ఆ ఊరి ఆచారం. ఎంత పగిలితే అంత భాగ్యం. దానికి పిలుపులుండవు, విన్నవాళ్ళందరూ పాత పళ్ళాలు పట్టుకుని రావలసిందే. పెంకులను మాత్రం వధూవరులిద్దరే ఊడ్చాలి. ఇక్కడ గుమ్మంలో పెంకులు, కంచెకు మగవాడి సైకిలు. గెజీనెకు ఇంకేం కావాలి?

"ఆ సీటు తుడుస్తున్నప్పుడే అనుకున్నా!" అని ఆమె రొట్టెల అంగట్లో ప్రకటించింది.

ఓర్ట్రూట్ ఫోను పెట్టి బయటికి వచ్చేసరికి వీధి నిండా జనం.

"ఏమిటిది?"

"సిగ్గెందుకు టీచరమ్మా, ఈ వయసులో!" అంది తోటమాలి భార్య. "ఇదిగో, మా అత్తగారి సూపు గిన్నె. దీన్ని బద్దలుకొట్టే రోజు కోసం పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నా!" భళ్ళుమంది.

"ఆగండి! ఆ కప్పులు నేనే పడేశాను!"

"విన్నారా? మొదటి కప్పు పెళ్ళికూతురే పగలగొట్టిందట!"

చప్పట్లు మిన్నుముట్టాయి.

బడి మరుగుదొడ్డిలో బీటలు వారిన బేసినును మార్చమని ఆమె ఏళ్ళ తరబడి సభను అడుగుతూనే ఉంది. పురపాలక పనివాళ్ళు ఆ మధ్యాహ్నం దాన్ని ఊడబెరికి తెచ్చి ఆమె గుమ్మంలోనే ముక్కలు చేశారు. బడి మాట వస్తే కోరం చాలని సభ, పెళ్ళి మాటకు ఒక్కరూ తగ్గకుండా హాజరైంది. సిగ్గుపడవలసినవాళ్ళు పళ్ళాలు పట్టుకుని నవ్వుతున్నారు.

"మొత్తానికి టెష్కెకు ఓటేశారన్నమాట!" అన్నాడు మేయరు.

నాలుగింటికి టెష్కె వచ్చాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. భుజాన చీపురు.

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఓర్ట్రూట్ మెట్టు మీద నిటారుగా నిలబడింది. ప్రతి సమావేశంలోనూ ముందుగా లేచి, కిందటిసారి దొర్లిన తప్పులను సవరించడం ఆమె అలవాటు. అలవాటు మనిషి కంటే ముందు మాట్లాడుతుంది.

"ఒక సవరణ. ఇక్కడ పెళ్ళి ఏదీ లేదు. పెట్టె జారింది. టెష్కె గారికి దీనితో ఏ సంబంధమూ లేదు."

వీధి చల్లబడింది. ఒక్కొక్కరే జారుకున్నారు.

"మరి మా అత్తగారికి ఏం చెప్పుకోను?" అంటూ తోటమాలి భార్య కూడా వెళ్ళిపోయింది.

మిగిలినవి పెంకులు, వాళ్ళిద్దరు. ఇద్దరూ ఊడ్వసాగారు.

"మీరు చీపురెందుకు తెచ్చారు?"

"రొట్టెల అంగట్లో అభినందించారు. పెంకులు ఇద్దరూ ఊడ్వాలి కదా."

"కాదని చెప్పలేదా?"

"ఇన్నేళ్ళూ మీరు చెప్పిన ప్రతిదానికీ కాదన్నాను, వీహర్స్ గారూ. ఈ ఒక్కదానికి అనబుద్ధి కాలేదు." ఆయన తల ఎత్తలేదు. "మీరు సవరించారు. సవరణ నెగ్గింది."

ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. "ఆ మూలన ఇంకొక పెంకుంది," అంది ఆమె.

ఆయన దాన్నీ ఊడ్చాడు. కాఫీ పోద్దామనుకున్న కప్పు లేదు. తళతళలాడే ఆ సీటు మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడి, సైకిలును నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె వీధి మలుపు వైపే చూస్తూ నిలబడింది. మలుపు తిరిగాక కూడా చూస్తూనే ఉంది.

తెల్లవారి ఆయన రైలు కూత వినిపించాక తలుపు తీస్తే, గోడకు ఆనించి ఆయన చీపురు. పరాయి వస్తువును సొంతదారు చేతికే ఇవ్వాలని ఆమె ఈ ఊళ్ళో మూడు తరాలకు నేర్పింది.

స్టేషనులో టికెట్లిచ్చేవాడు ఆమె పాత విద్యార్థి. "చీపురే కదా టీచర్, పార్సిల్ చేస్తే పోదా?"

"పోదు. టికెట్టు ఇవ్వు."

చీపురు ఇచ్చి రావడానికి ఎవరైనా రానూ పోనూ టికెట్టు తీసుకుంటారు. ఆమె పోవడానికి మాత్రమే తీసుకుంది.