ఆకులున్న భూచంపకం

ఆవేళ పొద్దున్న సత్తియ్య పెట్టుకున్న పని ఒక్కటే. కువైట్ నుంచి భార్య మంగతాయారు ఫోన్ చేసేలోగా ఆమె భూచంపకం కుండీకి నీళ్ళు పోయాలి. చెంబుతో వెళ్ళి చూస్తే మొక్కే లేదు. మిగిలిన ఒక్క ఆకూ ఎండి మట్టి మీద వాలిపోయింది.

అడవుల్లో చెట్ల నీడన పూసే భూచంపకానికి ఒక రేకు ఊదారంగులో ఉంటుంది. గోదావరి మధ్య వాళ్ళ లంకలో పెరిగే రకానికి పువ్వంతా తెలుపే. మంగతాయారుకి అది వాళ్ళమ్మ ఇచ్చిన దుంప. ఇళ్ళల్లో పనికి కువైట్ వెళుతూ దాన్ని భర్తకు అప్పగించింది. ఎనిమిది నెలలుగా రోజూ వీడియోలో కుండీ చూడందే ఆమె పనిలోకి దిగదు.

చచ్చిన మొక్కను చూపించే ధైర్యం లేక సత్తియ్య కుండీని గోదావరిలో దులిపేశాడు. కెమెరా పాడైందని రెండు రోజులు నెట్టుకొచ్చాడు. ఈలోగా కడియం నర్సరీకి వెళ్ళి, తెల్లగా పూసే దుంప మొక్క ఏదైనా ఇమ్మని అడిగి తెచ్చి నాటాడు. ఆకులేమిటని మంగతాయారు అడిగితే, ఎరువు బలం అన్నాడు. వారం తిరక్కుండా అది పూసింది. ఆనందం పట్టలేక ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు.

పక్కింట్లో ఉండే బావమరిది కృష్ణమూర్తి, మసకగా ఉన్న ఆ ఫొటోను అమలాపురంలో బోటనీ చెప్పే లిడియా మేడంకి పంపాడు. లంక రకం కోసం మూడేళ్ళుగా వెతుకుతున్న ఆవిడ మర్నాడే పాతికమంది విద్యార్థులతో పడవ దిగింది. సర్పంచ్ షామియానా వేయించాడు. కృష్ణమూర్తి చెల్లెలికి వీడియో కలిపి, ఫోన్ అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

లిడియా కుండీ ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"సత్తియ్యగారూ, ఆకులన్నీ ఎండిపోయాకే భూచంపకం పూస్తుందండి. ఇది లిల్లీ. అసలుది ఏదండీ?"

చచ్చిపోయిందనుకుని గోదావరిలో పారేశానని సత్తియ్య అందరి ముందూ ఒప్పుకున్నాడు. లిడియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నాకు ఆకులు చూసిన రోజే తెలుసండి," అంది ఫోన్లోంచి మంగతాయారు. "అమ్మ దుంప పోయిందని ఆ రోజంతా ఏడిచేను."

"మరి రోజూ కుండీ చూపించమన్నావేంటి?" అన్నాడు సత్తియ్య.

"కుండీ చూపిస్తంటే పక్కన మీరు కనపడతారు కదండీ. అన్నయ్యోళ్ళు ఇంట్లో తిరుగుతుంటే, మిమ్మల్ని చూపించమని ఎలా అడగను?"

కృష్ణమూర్తి ఫోన్ బావగారి చేతిలో పెట్టి పక్కకు వెళ్ళిపోయాడు. ఆమె తిరిగి రావడానికి ఇంకా పదకొండు నెలలుంది. సత్తియ్య ఆయ్, ఆయ్ అంటూ ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

మర్నాడు ఫోన్ వచ్చే వేళకు అతను గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, కుండీ లేకుండా ఒక్కడే ఎండలో కూర్చున్నాడు.