బోర్డు మీద లేని ఊరు

ఆరేళ్ల తహూరా ఏ రాష్ట్రంలోనూ నివసించడం లేదని బీమా కంపెనీ అధికారికంగా తెలియజేసింది. గుండెలో రంధ్రం ఉన్నమాట వాస్తవమే. డాక్టర్లు చూశారు, కంపెనీ కూడా కాదనలేదు. అయితే దరఖాస్తులో అడ్రసు దగ్గర తండ్రి సర్వర్ 'సిద్దిపేట, తెలంగాణ రాష్ట్రం' అని రాశాడు. దేశంలో అటువంటి రాష్ట్రం లేదు కనుక, లేని చోట ఉన్న పిల్లకు ఉన్న జబ్బు పాలసీ పరిధిలోకి రాదని కంపెనీ విచారం వ్యక్తం చేసింది.

సర్వర్‌ను తప్పు పట్టడానికి లేదు. అతను బోర్డులు రాసే పెయింటరు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడి, బ్యాంకు, బస్టాండు, చివరికి పశువుల దవాఖాన, ఎక్కడ 'ఆంధ్రప్రదేశ్' అని కనబడినా నిచ్చెన వేసి, నల్లరంగు పూసి, 'తెలంగాణ' అని రాసి దిగేవాడు. రంగు కూడా తనదే. అన్ని బోర్డులు రాసిన చెయ్యి దరఖాస్తు దగ్గరికొచ్చేసరికి అలవాటుగా అదే రాసేసింది.

భార్య గౌసియా బేగం మాత్రం చరిత్రను ఆ కోణంలో చూడలేకపోయింది. "ఊరంత రాసినవ్, మంచిదే. గా కాయితం మీద గూడ రాయాల్నా? నాలుగు మెట్లెక్కితే బిడ్డ పెదాలు నీలమైతున్నయ్. వాటికి గూడ రంగు పూస్తవా?" అని ఏడ్చింది. సర్వర్ ఆ రాత్రే మళ్లీ కాయితం ముందేసుకుని కూర్చున్నాడు.

అప్పీలు పెట్టుకున్నాడు. ఈసారి మనసు రాయి చేసుకుని పాత రాష్ట్రం పేరే రాశాడు. కంపెనీ సంతోషించింది. కాకపోతే ఒకే బాలిక రెండు రాష్ట్రాల్లో నివసించడం అనుమానాస్పదం కనుక, విచారణాధికారి స్వయంగా వస్తాడనీ, ఊళ్లో ఏదో ఒక బోర్డు మీద ఊరి పేరూ రాష్ట్రం పేరూ కలిసి ఉండగా ఫోటో తీసుకుంటాడనీ జవాబిచ్చింది. ఇంతకన్నా న్యాయం ఎవరు మాత్రం చేస్తారు!

సర్వర్ సైకిలెక్కి ఊరంతా గాలించాడు. తన పనితనం చూసి తనకే గుండె ఝల్లుమంది. ఒక్కచోట కూడా పాత పేరు మిగల్చలేదు. కిరోసిన్ పెట్టి రుద్దినా ఊడని రంగు వాడాడు. మళ్లీ తానే రాద్దామంటే వీపు విమానం మోత మోగుతుంది. గత్యంతరం లేక ఉద్యమ కమిటీ కన్వీనరు రాజమల్లయ్య కాళ్ల మీద పడ్డాడు.

"మల్లన్నా, ఒక్క బోర్డు, ఒక్క గంట. ఫోటో తీసినంక నేనే చెరిపేస్త. నా బిడ్డ బతుకుతది."

రాజమల్లయ్యకు కన్నీళ్లొచ్చాయి. నిజమైన కన్నీళ్లే, మైకు లేకుండానే వచ్చాయి. దీక్షా శిబిరంలో అత్యవసర సమావేశం పెట్టి ప్రసంగించాడు.

"తహూరా సర్వర్ భాయ్ బిడ్డ కాదు, నాలుగు కోట్ల ప్రజల బిడ్డ! ఆ పసిగుండెకు పడ్డ రంధ్రం మనందరి గుండెకు పడ్డ రంధ్రం!"

నాలుగు కోట్ల గుండెలకు ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది చర్చకు రాలేదు. ఆ పేరు ఏ గోడ మీద రాస్తే ఉద్యమానికి తక్కువ మచ్చ అన్నదే చర్చ. బడి గోడకు పంతుళ్లు ఒప్పుకోలేదు. దవాఖాన గోడకు నర్సులు ఒప్పుకోలేదు. చివరికి బస్టాండు వెనక మూత్రశాల గోడ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. సర్వర్ ముక్కుకు గుడ్డ కట్టుకుని, తన జన్మలో ఎన్నడూ రాయనంత అందంగా రాశాడు.

విచారణాధికారి రానే వచ్చాడు. పేరు గోపాల్, పక్కనే నారాయణరావుపేట అతని ఊరు. గౌసియా బేగం తహూరాకు పండుగ గౌను తొడిగి తీసుకొచ్చింది. ఊరంతా మూత్రశాల ముందు గుమిగూడింది. గోపాల్ కెమెరా ఎత్తాడు, గోడ చదివాడు, కెమెరా దించాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఎవడ్రా గిది రాసింది? నా గడ్డ మీద నిలవడి గీ పేరు ఫోటో తియ్యాల్నా నేను? గా రంగు డబ్బ ఇటియ్యుండ్రి!"

"సారూ, ముందుగాల ఫోటో..." అన్నాడు సర్వర్. అప్పటికే కుంచె గోపాల్ చేతిలో ఉంది. చూస్తుండగానే గోడ నల్లబడింది. జై తెలంగాణ నినాదాలు మిన్నంటాయి. రాజమల్లయ్య తన మెడలోని దండ తీసి గోపాల్ మెడలో వేశాడు.

ఆవేశంలోనూ గోపాల్ ఉద్యోగధర్మం మరువలేదు. అక్కడే నిలబడి నివేదిక రాశాడు: 'బాలిక ఉన్నది. జబ్బు ఉన్నది. బోర్డు లేదు.'

"నౌకరీల అబద్ధం రాయలేను భాయ్," అని సర్వర్ భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకు. రాష్ట్రం రాంగనే మొదటి ఆపరేషన్ నీ బిడ్డదే."

చప్పట్లతో బస్టాండు దద్దరిల్లింది. అందరూ కొడుతున్నారని తహూరా కూడా కొట్టింది. కొట్టి కొట్టి ఆయాసం వచ్చి నేల మీద కూలబడింది. గౌసియా బేగం బిడ్డను ఒళ్లోకి తీసుకుని, "జర జరుగుండ్రి, పిల్లకు ఊపిరాడుతలేదు" అని అరిచింది.

ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. మనకూ వినబడలేదు, మనమూ కొడుతున్నాం.