నాలుగుకు పద్నాలుగు

“ఇకమీదట ఈ జిల్లాలో కల్తీ అన్నది కంటికి కనిపించదు!” అని మంత్రిగారు చీపురుపల్లిలో రిబ్బను కత్తిరిస్తూ ప్రకటించారు. ఆయన చెప్పింది చెప్పినట్టు జరగదని గిట్టనివాళ్లు అంటారు గానీ, ఈ మాట మాత్రం రెండేళ్లు తిరక్కుండా అక్షరాలా నిజమైంది.

ఆ రోజు ప్రారంభమైన మసాలా దినుసుల పరీక్షా కేంద్రంలో హేమ కాంట్రాక్టు కెమిస్టు. అక్కడి యంత్రంలో పెన్సిలంత ఉక్కు గొట్టం ఒకటుంది. పసుపో కారమో ద్రావకంలో కలిపి అందులోంచి పంపితే, దానిలో ఉన్న సరుకులు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి, కాగితం మీద తలా ఒక గుట్ట గీస్తాయి. ఆ గుట్టని బ్యాండ్ అంటారు. అది ఎంత సన్నగా ఉంటే యంత్రానికి చూపు అంత బాగున్నట్టు. లావైతే పక్కపక్క గుట్టలు కలిసిపోయి, అసలేదో నకిలీ ఏదో తెలీదు. అందుకని రోజూ పొద్దున్నే హేమ లెక్క కట్టి, వెడల్పు ఎంత రావాలో పుస్తకంలో రాసేది. తర్వాత కొలిచి, ఎంత వచ్చిందో పక్కన రాసేది. రావలసింది నాలుగు మిల్లీమీటర్లు, వచ్చింది నాలుగు. అలాంటి రోజున ఫ్లాస్కులో కాఫీ చల్లారిపోయినా ఆమెకి రుచిగానే ఉండేది.

అంతలో రాజధాని నుంచి డ్యాష్‌బోర్డు దిగింది. ప్రతి ఆఫీసూ తన ప్రగతిని అందులో ఎక్కించాలి. పరీక్షా కేంద్రం అధికారి రమేష్‌బాబుగారు సమయం వృథా చేసే మనిషి కాదు. హేమ పుస్తకంలో ‘రావలసింది’ అన్న అంకెని ‘లక్ష్యం’ గడిలోనూ, ‘వచ్చింది’ అన్నదాన్ని ‘సాధించినది’ గడిలోనూ వేసేశారు.

ఎనిమిది నెలలకి గొట్టం అరిగింది. వెడల్పు ఆరైంది. కొత్త గొట్టం కావాలని హేమ అర్జీ పెడితే, సాయంత్రానికల్లా రాజధాని నుంచి అభినందన పత్రం వచ్చింది.

“నూట యాభై శాతం, హేమా! మిగతా జిల్లాలు ఇంకా నాలుగు దగ్గరే ఏడుస్తున్నాయి,” అన్నారు రమేష్‌బాబుగారు.

“అది పెరగకూడదండి.”

“ప్రభుత్వంలో పెరగకూడనిది కూడా ఉంటుందా?”

“గొట్టం మారిస్తే మళ్లీ నాలుగుకి వచ్చేస్తుందండి.”

రమేష్‌బాబుగారి మొహం పాలిపోయింది. “అంటే మైనస్ గ్రోత్! దాని జోలికెళ్లావంటే మార్చిలో నీ కాంట్రాక్టు సంగతి నేను చూడలేను.”

గొట్టం నిశ్చింతగా అరుగుతూ పోయింది.

సరిగ్గా అప్పుడే దానమ్మ వచ్చింది. పక్క ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. బడికి సరఫరా అయిన పసుపు వాసన బాగాలేదని, దాంతో పప్పు వండనని పొయ్యి ఆర్పేసింది. అందుకు ఆమెని వంట మాన్పించారు. పసుపు కల్తీదని పరీక్షలో తేలితే పని ఉంటుంది, లేకపోతే లేదు.

“పదకొండేళ్లుగా వండుతన్నానమ్మా. నా ముక్కు అబద్దం సెప్పదు. నీ మిషనేటి సెప్తాదో సూడు.”

హేమ చూసింది. కాగితం మీద ఏనుగు పడుకున్నట్టు ఒకటే గుట్ట, పద్నాలుగు మిల్లీమీటర్లు. దాని కింద పసుపు ఉందో, రంగు ఉందో, రెండూ ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

“ఇంత మిషనుకి ముక్కు నేదేటమ్మా?” అంది దానమ్మ.

హేమ రిపోర్టులో ‘చెప్పలేము’ అని రాసింది. ఫారంలో అలాంటి గడి లేదన్నారు రమేష్‌బాబుగారు.

“గుట్టలెన్ని?”

“ఒకటేనండి, కానీ...”

“రెండుంటే కల్తీ. ఒకటుంటే స్వచ్ఛం. పైగా నాలుగుకు పద్నాలుగు! మూడు వందల యాభై శాతం!” అని సంతకం తనే పెట్టేశారు.

ఆ ఏడాది వచ్చిన ప్రతి పొట్లమూ స్వచ్ఛమైనదే. ఒకరోజు విసుగొచ్చి హేమ ఉత్త హోలీ రంగుని ద్రావకంలో కలిపి గొట్టంలోంచి పంపింది. అదీ స్వచ్ఛమైనదే. జిల్లాని కల్తీరహిత జిల్లాగా ప్రకటించారు. వచ్చే ఏటి లక్ష్యం కోసం మంత్రిగారు స్వయంగా రమేష్‌బాబుగారికి ఫోన్ చేశారు.

“వెడల్పు ఎంత ఎయ్యమంటావయ్యా?”

“యాభై వేద్దామండి.”

“యాభై ఏటి, వందెయ్యి. కాగితం సాలకపోతే పెద్ద కాగితం తెప్పించు.”

ఆ ఘనతకి మంత్రిగారికి అవార్డు ఇచ్చే సభకి పొదుపు సంఘాల ఆడవాళ్లందరినీ రప్పించారు. దానమ్మ రానంది. “హారతి పళ్లెం పట్టుకుంటే మంత్రిగారి దగ్గరదాకా వెళ్లొచ్చు. నీ పని సంగతి నువ్వే అడుగు,” అని హేమే ఒప్పించింది. పరీక్షా కేంద్రం ‘స్వచ్ఛం’ అని ముద్ర వేసిన పసుపు ప్యాకెట్టు కూడా తనే తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

మంత్రిగారు కారు దిగారు. దానమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, సున్నం కలిపింది. ఎర్రనీళ్లు కావాలి. కాలేదు. ఇంకాస్త సున్నం వేసింది. బంతిపువ్వులా పచ్చగా అలాగే ఉన్నాయి.

మంత్రిగారికి మిగతా విషయాల్లో ఎలా ఉన్నా, దిష్టి విషయంలో పట్టింపు ఎక్కువ. “నీళ్లు ఎర్రబడవేటయ్యా?”

“స్వచ్ఛమైన పసుపండి. సర్టిఫికెట్టు ఉంది,” అన్నారు రమేష్‌బాబుగారు.

“సర్టిఫికెట్టు సరే, దిష్టి తగిలేది నాకు కదా! ఇంట్లో దంచిన పసుపు ఎవలి కాడైనా ఉన్నాదా?”

దానమ్మ రొంటిన దోపుకున్న చిన్న పొట్లం తీసి, వేరే పళ్లెంలో కలిపింది. నీళ్లు చిక్కగా ఎర్రబడ్డాయి. మంత్రిగారు కళ్లు మూసుకుని తృప్తిగా హారతి పుచ్చుకున్నారు.

“బాబూ, నా బడి వంట...” అంది దానమ్మ.

“ఎవరీవిడ?”

రమేష్‌బాబుగారు చెవిలో చెప్పారు. మంత్రిగారు దానమ్మని ఎగాదిగా చూశారు.

“బడెందుకే? రేపటి నుంచి మా ఇంట్లో వండు. పసుపు మటుకు నీదే తెచ్చుకో.”

“మరి పిల్లలకో బాబూ?”

“పిల్లలకేటి? సర్టిఫికెట్టు ఉన్నాది కదా,” అని మంత్రిగారు అవార్డు అందుకోవడానికి మెట్లెక్కారు.