పద్మనాభం బాడిగ పెంచిన విధం

ఆ ఆదివారం పొద్దున పద్మనాభం పెట్టుకున్న పనులు మూడే. కె.ఆర్.పురం నుంచి కాడుగోడికి స్కూటరు మీద వెళ్ళడం, అక్కడ తన ఫ్లాటులో అద్దెకుంటున్న దీపక్‌ని అద్దె పెంచమని అడగడం, వచ్చేటప్పుడు గింజలు పితికి పులుసు పెట్టుకోవడానికి కిలో అనపకాయలు తేవడం. వెళ్ళడం బాగానే వెళ్ళాడు, అనపకాయలూ బాగానే తెచ్చాడు.

ఫ్లాటు కొన్నది బ్యాంకు వడ్డీ బాగా తక్కువగా ఉన్న రోజుల్లో. పద్మనాభం ఒక టైల్స్ షాపులో మేనేజరు. తానూ భార్యా కె.ఆర్.పురంలో సొన్నప్ప గారి పాత మిద్దెలో చవక అద్దెకు ఉండిపోవచ్చు, ఫ్లాటు మీద వచ్చే అద్దెతో బ్యాంకు ఈఎంఐ కట్టుకోవచ్చు అని అతని లెక్క. కొన్నాళ్ళు ఆ లెక్క చక్కగా నడిచింది. తర్వాత వడ్డీ పెరిగింది. బ్యాంకువాళ్ళు మొదట గడువు పొడిగించారు. ఇంకా పొడిగిస్తే పద్మనాభం రిటైరై, మనవళ్ళను ఎత్తుకుని కూడా కడుతూనే ఉండాలని తేలాక, ఈసారి ఈఎంఐనే పెంచారు. వచ్చే అద్దెకీ కట్టే ఈఎంఐకీ మధ్య పడిన గుంటలోకి ప్రతి నెలా అతని జీతంలో మూడో వంతు జారిపోతోంది.

బయల్దేరేముందు అతని భార్య ఛాయాదేవి గడప దగ్గర ఆపి మళ్ళీ చెప్పింది. "నేరుగా అడిగేయండి. వడ్డీ పెరిగింది దీపక్, బాడిగ పెంచాల అనండి. అంతే. సుట్టు తిప్పి మాట్లాడొద్దు."

"నాకు తెలీదా? ముప్పై ఏండ్లుగా వ్యాపారంలో ఉండా."

"ఉండారు. ఒక్కరినైనా బాకీ అడిగినారా?"

దీపక్, లావణ్య రాజమండ్రి వాళ్ళు. ఇద్దరూ వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తారు. పద్మనాభాన్ని చూడగానే "రండి అంకుల్" అంటూ కుర్చీ వేశారు, ఫ్యాను తిప్పారు. లావణ్య వేడివేడిగా దిబ్బరొట్టి తెచ్చి పెట్టింది. ఒకటి తిన్నాక అడుగుదామనుకున్నాడు. రెండోది వడ్డించింది. రెండోది కూడా తిన్నాక, ఇంత ఆప్యాయంగా పెట్టినవాళ్ళ ముందు చెయ్యి కడుక్కుని అద్దె మాట ఎత్తడం ఎలాగో అతనికి తోచలేదు. అప్పుడే షాపులో ఎవరో చెప్పిన ఉపాయం గుర్తొచ్చింది. అద్దె పెంచమని అడగకూడదట, మేమే వచ్చి ఉంటామని చెప్పాలట. అద్దెకున్నవాళ్ళు హడలిపోయి, ఎంత కావాలంటే అంత ఇస్తామని వాళ్ళే బతిమాలతారట.

పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. "దీపక్, ఒక విషయమప్పా. మేమే ఈ ఇంటికి వచ్చేద్దామని అనుకుంటా ఉండాం."

వాళ్ళు బతిమాలగానే ఎంత పెద్దమనసుతో ఒప్పుకోవాలో పద్మనాభం లోపల సిద్ధం చేసుకుంటున్నాడు. దీపక్ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"కంగ్రాట్స్ అంకుల్! సొంత ఫ్లాట్ పెట్టుకుని మీరు అద్దెకుండటం ఏంటా అని మేమెప్పుడూ అనుకుంటాం."

లావణ్య కళ్ళు తుడుచుకుంది. "ఆంటీ ఎంత హ్యాపీగా ఉన్నారో కదా!"

"అంటే... మీకు ఇబ్బందిగా ఉంటే తొందరేం లేదు. మీరు కాదంటే మేము ఆలోచిస్తాం," అన్నాడు పద్మనాభం ఆశగా.

"భలేవారే! మీ ఇల్లు, మీ ఇష్టం. రెండు వారాల్లో ఖాళీ చేసేస్తాం. నోటీస్ పీరియడ్ అని మిమ్మల్ని వెయిట్ చేయిస్తామా?"

అంత మంచివాళ్ళకు ఇల్లు అద్దెకివ్వడం ఎంత ప్రమాదమో పద్మనాభానికి అప్పుడు తెలిసింది.

అతను అనపకాయలు బేరం చేసి ఇల్లు చేరేలోపే దీపక్ ఈ శుభవార్తను అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. అది చదివిన అసోసియేషన్ సెక్రటరీ నళిని ఛాయాదేవికి ఫోన్ చేసి అభినందనలు కూడా చెప్పేసింది. పద్మనాభం మెట్లెక్కుతుండగానే పాయసం వాసన వచ్చింది.

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదే మీరు!" ఛాయాదేవి ముఖం వెలిగిపోతోంది. "నిజంగానే మన ఇంటికి పోతా ఉండామా?"

సొంతింట్లో పాలు పొంగించిన రోజు తర్వాత ఆమె అక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. వంటింటి కిటికీ దగ్గర తులసికుండీ ఎక్కడ పెట్టాలో కూడా ఆనాడే చూసి పెట్టుకుంది. ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి పద్మనాభానికి నోరు రాలేదు.

"సర్‌ప్రైజ్," అన్నాడు.

సాయంత్రానికి సొన్నప్ప కర్ర పొడుచుకుంటూ మిద్దెక్కి వచ్చాడు. ఛాయాదేవి అతనికి కూడా ఒక గిన్నెలో పాయసం పంపింది మరి.

"ఏమప్పా పద్మనాభం, సొంతింటికి పోతా ఉండావంట! శానా సంతోషమప్పా. మంచోడివి, పొమ్మనలేక ఇన్నేండ్లు నోరు మూసుకోని ఉండా. నువ్విచ్చే బాడిగకు ఇప్పుడు కారు షెడ్డు కూడా రాదు."

"ఇంకా ఖాయం కాలేదన్నా..."

"బ్రోకరుకు చెప్పేసినా. సున్నం కొట్టేవానికి అడ్వాన్సు కూడా ఇచ్చేసినా. ఇంక ఖాయం కానిదేముండాది?"

మర్నాడు షాపులో గోదాములోకి వెళ్ళి, టైల్సు పెట్టెల వెనకనుంచి పద్మనాభం దీపక్‌కి ఫోన్ చేశాడు. "ఒక చిక్కొచ్చిందప్పా. నా జాతకం ప్రకారం ఈ ఏడు నేను ఇల్లు మారకూడదంట. మీరు అక్కడే ఉండిపోండి."

"అయ్యో! ఉండండి అంకుల్, కనుక్కుంటా," అని దీపక్ పెట్టేశాడు. ఏం కనుక్కుంటాడో పద్మనాభానికి అర్థం కాలేదు. మధ్యాహ్నం దీపకే చేశాడు. "మీరేం టెన్షన్ పడకండి అంకుల్. లావణ్య వాళ్ళ బాబాయిగారు పెద్ద సిద్ధాంతి. ఆంటీని అడిగి మీ నక్షత్రం కనుక్కుని ఆయనకు చెప్పాం. చిన్న దోషమేనట, హోమం చేస్తే పోతుందట. వచ్చే గురువారం ముహూర్తం పెట్టేశారు. మీకోసం ఆయనే రాజమండ్రి నుంచి వస్తున్నారు."

"హోమమా?"

"ఖర్చు మాత్రం ఇంటి యజమానే పెట్టుకోవాలట అంకుల్. లేకపోతే ఫలితం ఉండదట."

ఇక దాచి లాభం లేదని పద్మనాభం ఆ సాయంత్రమే కాడుగోడి వెళ్ళాడు. హాలు నిండా అట్టపెట్టెలు. సోఫా దుప్పటి కప్పుకుని గోడకు నిలబడి ఉంది. కూర్చోవడానికి చోటు లేక ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

"దీపక్, నిజం చెప్తా. నాకు కావాల్సింది ఇల్లు కాదప్పా. బ్యాంకులో వడ్డీ పెరిగింది. బాడిగ పెంచమని అడిగేదానికి వచ్చి, నోరు రాక ఆ మాటన్నా."

దీపక్ తెల్లబోయాడు. "ఇంతేనా అంకుల్? మీరు అడిగితే అప్పుడే పెంచేవాళ్ళం. ఈ ఏరియాలో అందరూ పెంచారు, అంకుల్ ఒక్కరే అడగట్లేదేంటని మేమే అనుకున్నాం."

పద్మనాభానికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఈ పెట్టెలన్నీ విప్పేయండి. నేనూ ఒక చెయ్యి వేస్తా."

"కుదరదండీ," అంది లావణ్య నొచ్చుకుంటూ. "ఇవాళ పొద్దున వేరే ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇప్పుడున్నవాళ్ళు ఇంట్లో లేరు, కిటికీల్లోంచే చూశాం. పాత మిద్దె, కానీ గాలీ వెలుతురూ బాగున్నాయి. ఓనరు పెద్దాయన. అద్దె చెప్పడానికి ఆయనే సిగ్గుపడ్డారు. మాకైతే ఇక్కడికన్నా చాలా తక్కువ."

"ఎక్కడమ్మా?"

"కె.ఆర్.పురం. సొన్నప్ప గారని."

పద్మనాభం కూర్చున్న పెట్టెలో ఏదో పటుక్కున విరిగింది. అది మిక్సీ జారు అని లావణ్య తర్వాత చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి ఛాయాదేవి స్టీలు డబ్బాలను పాత చీరలో మూటగడుతోంది. పద్మనాభం ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"ఛాయా, అది సర్‌ప్రైజ్ కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నళిని ఫోన్ చేసినప్పుడే తెలుసు. బాడిగ అడిగేదానికి పోయి, ఇల్లు ఖాళీ చేయించి వచ్చినారని."

"మరి పాయసం ఎందుకు చేసినావు?"

"సంతోషమై చేసినా." ఆమె ముడి బిగించింది. "ఎప్పుడడిగినా ఇంకో ఏడు, ఇంకో ఏడు అన్నారు. ఈ తూరి మీ నోటితో మీరే అన్నారు. వదులుకుంటానా?"

ఆమె గొంతులో కోపం లేదు. అదే పద్మనాభాన్ని ఎక్కువ బాధపెట్టింది. ఒక డబ్బా ఆమెకు అందిస్తూ అడిగాడు. "మరి ఈఎంఐ ఎట్లా కట్టేది? ఇప్పుడు ఆ బాడిగ కూడా రాదే!"

"వస్తాది. నళిని చెల్లెలి కూతురు హరిణి, దాని స్నేహితురాండ్లు పీజీలో తిండి తినలేక ఏడుస్తా ఉండారంట. నలుగురూ మన ఇంటికే వస్తారు. రెండు పూటలా వంట నాది. ఈ పొద్దే మీరు షాపుకు పోయినాక పోయి మాట్లాడి వచ్చినా. అడ్వాన్సు కూడా ఇచ్చినారు, దీపక్‌కు తిరిగిచ్చేదానికి సరిపోతాది."

ఎంత ఇస్తారో ఆమె చెప్పింది. పద్మనాభం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఈఎంఐ పోను, హోమం ఖర్చు కూడా రెండు నెలల్లో రాబట్టుకోవచ్చు. మళ్ళీ లెక్క వేశాడు. అంతే వచ్చింది.

"అంత బాడిగ ఎట్లా అడిగినావు నువ్వు?"

"నోటితో."

కొంచెం ఆలోచించి పద్మనాభానికి ఇంకో అనుమానం వచ్చింది. "నలుగురంటే రెండు బెడ్రూములూ వాళ్ళకే పోతాయి. మరి మనం?"

"హాలు పెద్దదే కదా," అంది ఛాయాదేవి.

గురువారం హోమం దివ్యంగా జరిగింది. సిద్ధాంతిగారు కొత్త పంచె కట్టుకుని రాజమండ్రి రైలెక్కారు. దీపక్, లావణ్య సొన్నప్ప మిద్దెలో పాలు పొంగించుకున్నారు. హరిణి బృందం ఛాయాదేవి చేతి పితికిపప్పు పులుసు తిని, ఇంకో స్నేహితురాలు కూడా వస్తానంటోందని చెప్పింది. ఈఎంఐ అప్పటినుంచి ఒక్క నెల కూడా తప్పలేదు.

పొద్దున స్నానానికి మాత్రం ఇంటి ఓనరుది ఇప్పటికి ఆరో నంబరు.